జారిన పెదవిని దుఃఖమని చదవకండి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధాల్లో వృద్ధుల రూపచిత్రం ఏది అచ్చయినా కింద దాదాపు ఒకటే వ్యాఖ్య ఉంటోంది. బతుకంతా పడిన కష్టం ముడతల్లో కనిపిస్తోందని, కళ్లలో తీరని ఎదురుచూపు ఉందని రాస్తున్నారు. ప్రదర్శనల సమీక్షల్లో అదే మాట, పిల్లల బొమ్మల పోటీల్లో బహుమతి ఇచ్చేవారి నోటా అదే మాట. మేము బొమ్మలు గీయడం నేర్పేవాళ్లం. ఈ వ్యాఖ్యల్లో చాలావాటికి బొమ్మలో ఆధారం ఉండదని చెప్పడానికే ఈ ఉత్తరం. వయసు ముఖానికి తెచ్చే మార్పును మనసులోని బాధగా చదవడమే ఇక్కడ జరుగుతున్న పొరపాటు. దీనివల్ల గీసినవారి పనికీ అన్యాయం జరుగుతోంది, ఎదురుగా కూర్చున్న పెద్దమనిషికీ జరుగుతోంది.

ముందు నోటి సంగతి చూద్దాం. వయసు మీదపడేకొద్దీ బుగ్గల్లో కొవ్వు పలచబడి కిందికి దిగుతుంది, చర్మం బిగువు తగ్గుతుంది, దవడ ఎముకలూ కొంత అరుగుతాయి. దాంతో పెదవుల మూలలు కిందికి వాలి, అక్కడినుంచి గడ్డం వైపు రెండు చాళ్లు పడతాయి. ఆ మనిషి హాయిగా పాట వింటూ కూర్చున్నా మూలలు కిందికే ఉంటాయి. పైపెదవి పలచనై, ముక్కుకీ పెదవికీ నడుమ దూరం పెరుగుతుంది. పళ్లన్నీ ఊడినవారిలో ముఖం కింది భాగం ఎత్తే తగ్గిపోతుంది. గడ్డం ముందుకూ పైకీ వచ్చి ముక్కుకు దగ్గరవుతుంది, పెదవులు లోపలికి ముడుచుకుంటాయి, పైపెదవి మీద నిలువు ముడతలు దట్టంగా పడతాయి. ఇలాంటి నోటిని చూసి 'కోపాన్ని బిగబట్టిన నోరు', 'లొంగని పట్టుదల' అని రాస్తుంటారు. అది బోసినోరు, అంతే. కట్టుడు పళ్లు పెట్టుకుని ఒక పూట, తీసేసి ఇంకో పూట కూర్చుంటే ఒకే మనిషి బొమ్మలు ఇద్దరు మనుషుల్లా వస్తాయి. అందుకే రెండు మూడు రోజులు కూర్చోబెట్టి గీసేటప్పుడు పళ్ల సంగతి మొదటిరోజే తేల్చుకోవాలని మా విద్యార్థులకు చెబుతాం.

కళ్ల దగ్గర పొరపాటు ఇంకా సులువుగా జరుగుతుంది. పైరెప్ప చర్మం వదులై, బయటి కొస దగ్గర కన్నుమీదికి జారుతుంది. కన్ను పక్కలకు వాలిన త్రికోణంలా కనిపిస్తుంది. ఏడుపు వచ్చే ముఖంలోనూ కన్ను ఇంచుమించు అదే ఆకారం తీసుకుంటుంది. రెండింటికీ తేడా పట్టిచ్చేది కనుబొమల లోపలి కొసలు, అంటే ముక్కుకు దగ్గరగా ఉన్న కొసలు. నిజంగా దుఃఖం ఉన్నప్పుడు అవి పైకి లేస్తాయి, నుదుటి మధ్యభాగంలో మాత్రమే పొట్టి అడ్డముడతలు పడతాయి. లోపలి కొసలు మామూలుగానే ఉండి బయటి వైపు మాత్రమే వాలి ఉంటే అది చర్మం బరువే తప్ప మనసు బరువు కాదు. కోపమైతే కనుబొమలు కిందికి దిగి దగ్గరవుతాయి. నవ్వు సంగతీ ఇంతే. కళ్ల చివర విసనకర్రలా విచ్చుకునే ముడతలు వృద్ధుల్లో ఎప్పుడూ ఉంటాయి కాబట్టి వాటినే నవ్వుకు సాక్ష్యం అనుకోకూడదు. కింది రెప్ప కాస్త పైకి ఉబికిందా, బుగ్గ కంటి కిందికి ముద్దకట్టిందా చూడాలి. ఏ భావమూ లేకుండా కూర్చున్న వృద్ధుల ముఖంలో కూడా చూసేవాళ్లు లేని విచారాన్నో కోపాన్నో చదువుతారని మనస్తత్వ పరిశోధనల్లోనూ తేలింది. కాబట్టి ఈ తప్పు ఏ ఒక్క విలేకరిదో కాదు, మనందరి కంటికీ ఉన్న అలవాటు.

ముడతకు ఒక సూత్రం ఉంది. సంచి మూతికి ఉన్న తాడు లాగితే కుచ్చులు తాడుకు అడ్డంగా పడినట్టు, కండరం లాగే దిశకు అడ్డంగా చర్మం మడతపడుతుంది. నుదుటి కండరం నిలువుగా లాగుతుంది, అందుకే నుదుటి మీద గీతలు అడ్డంగా ఉంటాయి. కంటి చుట్టూ కండరం గుండ్రంగా ఉంటుంది, అందుకే ముడతలు బయటికి విచ్చుకుంటాయి. ఈ సూత్రానికి లొంగని గీత బొమ్మలో కనబడితే అది చర్మం మీది మచ్చో గాయపు చారో దిండు ఒత్తిడో అయివుండాలి, కాకపోతే గీసినవారు ఊహించి పెట్టింది అయివుండాలి. నుదుటికి ఒక పక్కనే ముడతలు లోతుగా ఉండి, ఆ పక్క కనుబొమ ఎత్తుగా ఉన్నప్పుడు 'ప్రశ్నించే చూపు' అంటుంటారు. చాలాసార్లు ఆ పక్క రెప్ప వాలిపోయి చూపుకు అడ్డొస్తుంటే, నుదుటి కండరం కనుబొమను ఎత్తిపట్టి దారి ఇస్తుంటుంది. కంటి నల్లగుడ్డు అంచున లేత వలయం, చిన్నదైపోయిన కంటిపాప, సాగిన చెవి తమ్మె, వాలిన ముక్కు కొస, లోపలికి పోయిన కణతలు, మెడలో తాళ్లలా తేలిన కండరం, ఇవన్నీ వయసు తెచ్చేవే. వీటిని చూసి బొమ్మలోని మనిషికి జబ్బు పేరు పెట్టేవారు కూడా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఒక పక్క నోరు వాలినట్టు కనిపించడానికి కారణం తల కొంచెం తిప్పి కూర్చోవడమే కావచ్చు, గీసేవారి చేయి జారడమే కావచ్చు.

భంగిమ ఎవరిదన్నది ఇంకో ప్రశ్న. జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1521లో, ఇప్పటి బెల్జియంలో ఉన్న ఆంట్వెర్ప్ నగరంలో ఒక వృద్ధుణ్ణి కూర్చోబెట్టి గీశాడు. రంగు పూసిన కాగితం మీద కుంచెతో నలుపు, వెలుగు పడేచోట తెలుపు. పొడవాటి గడ్డం, చేతికి ఆనించిన తల, కిందికి వాలిన చూపు. తెలియనివారికి చూపిస్తే నిరాశలో కూరుకుపోయిన ముసలాయన అంటారు. కానీ కాగితం మీద డ్యూరరే రాసిపెట్టాడు, ఈయన వయసు 93 ఏళ్లని, ఇంకా ఆరోగ్యంగా ఉన్నాడని. మరి ఆ భంగిమ ఎందుకు? పుర్రెను ముందు పెట్టుకుని మరణం గురించి ఆలోచించే సెయింట్ జెరోమ్ అనే క్రైస్తవ సాధువు చిత్రానికి డ్యూరర్ సిద్ధమవుతున్నాడు, ఆ చిత్రం ఇప్పుడు లిస్బన్ మ్యూజియంలో ఉంది. తల చేతికి ఆనించడం ఆ సాధువు పాత్రకు కావలసిన భంగిమ. దాన్ని పట్టుకుని ఆంట్వెర్ప్ తాతగారి బతుకు విషాదమని రాస్తే, నటుడి కన్నీళ్లను చూసి అతని ఇంట్లో ఎవరో పోయారని రాసినట్టే.

అదే డ్యూరర్ 1514లో బొగ్గుతో గీసిన తన తల్లి బొమ్మ దీనికి ఎదురు ఉదాహరణ. బెర్లిన్‌లో ఉంది, ఎత్తు సుమారు 42 సెంటీమీటర్లు, వెడల్పు 30. ఆమెకు 63 ఏళ్లప్పుడు, మార్చి 19న గీశానని పైన బొగ్గుతోనే రాశాడు. రెండు నెలలకు, మే నెలలో ఆమె చనిపోయింది, ఆ సంగతి తరవాత అదే కాగితం మీద సిరాతో చేర్చాడు. 18 మంది బిడ్డల్ని కన్నదని, అందులో ముగ్గురే పెద్దవాళ్లయ్యారని కుటుంబ చరిత్రను బట్టి తెలుస్తుంది. ఇక్కడ 'కష్టాల బతుకు' అని రాస్తే తప్పు కాదు, ఎందుకంటే ఆధారం ఉంది. కానీ ఆ ఆధారం ముడతల్లో దొరకలేదు, రాతలో దొరికింది. బొమ్మ మీది రాత రెండు వేళల్లో, రెండు పదార్థాలతో రాసిందని గమనించకపోతే కొడుకు తల్లి మరణం తెలిసి గీశాడని పొరబడతాం. బొమ్మలోపల చూడాల్సింది వేరే ఉంది. తలమీది గుడ్డను నాలుగు గీతల్లో వదిలేసి, ముఖం, మెడ, మెడ కింది ఎముక దగ్గర మాత్రం బొగ్గును ఎంత ఒత్తి పనిచేశాడో చూడండి. రెండు కళ్లూ ఒకే దిక్కుకు చూడవు. దాన్ని అందంగా సర్దే అవకాశం ఉండి కూడా సర్దలేదు. చిత్రకారుడు ఎక్కడ ఆగాడు, ఎక్కడ దాటేశాడు అన్నదే ఒక గీసిన బొమ్మలో మనకు నమ్మకంగా దొరికే మొదటి సమాచారం. భావం దాని తరవాతి మాట.

చూసేవారి వంతు కూడా కొంత ఉంటుంది. యువతీ ముసలమ్మా ఒకే గీతల్లో కనిపించే బొమ్మ చాలామంది చూసేవుంటారు. 1915లో పక్ అనే అమెరికన్ పత్రికలో అచ్చయి పేరు పొందింది, అంతకుముందే 1888 నాటి జర్మన్ పోస్టుకార్డు మీద దాని పాత రూపం ఉంది. యువతి చెవి ముసలమ్మకు కన్ను, యువతి దవడ ఆమెకు ముక్కు, మెడలోని పట్టీ ఆమెకు నోరు. గీత మారలేదు, దాని చుట్టూ మనం అనుకున్నది మారింది. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఈ బొమ్మను చూసినవారి వయసు పెరిగేకొద్దీ బొమ్మలోని స్త్రీ వయసును కూడా ఎక్కువగా అంచనా వేశారు. వృద్ధుల బొమ్మకు ఇరవై ఏళ్ల కుర్రాడు రాసే వ్యాఖ్యకూ, అరవై దాటినవారు రాసే వ్యాఖ్యకూ తేడా రావడంలో వింత లేదు.

ఇక గీతల దగ్గరికి వద్దాం. పక్కనుంచి పడే వెలుగులో ప్రతి ముడతకూ నీడ వస్తుంది, ఎదురుగా పడే మెత్తని వెలుగులో అదే ముఖం పదేళ్లు చిన్నదవుతుంది. కాబట్టి 'ముడతలు దట్టంగా ఉన్నాయి' అనేముందు ముక్కు నీడ ఎటు పడిందో చూడాలి. గరుకు కాగితం మీద బొగ్గుతో గీస్తే కాగితపు గరుకే చర్మపు గరుకులా కనిపిస్తుంది, నునుపు కాగితం మీద పెన్సిల్‌తో గీస్తే అదే బుగ్గ మెత్తగా వస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు ముడతను తీగలా గీస్తారు, బాగా నల్లగా రాసే 6బి పెన్సిల్ చెక్కి ఈ చివరనుంచి ఆ చివరకు ఒకే నలుపు. ముడత గీత కాదు, మడత. నీడ పడే వైపు అంతకంటే లేతగా రాసే 2బితో మెత్తని షేడింగు, దాని పక్కనే వెలుగు పట్టే గట్టును కాగితం తెలుపుగానే వదలడం, ముడత మొత్తంలో అతి లోతైన ఒకచోట మాత్రమే గట్టి నలుపు, రెండు కొసలూ చర్మంలో కలిసిపోవాలి. అలా చేయనప్పుడు ముఖం కోపంగా, ఉన్న వయసుకంటే ముసలిగా వస్తుంది. ఆ కోపం పెన్సిల్‌ది. కంటిపాప మీద వెలుగు చుక్క పెట్టడం మరిచిపోతే చూపు చచ్చిపోతుంది, దాన్ని 'శూన్యంలోకి చూపు' అని మెచ్చుకున్న సమీక్షలు కూడా వస్తుంటాయి. ముప్పావు వంతు మాత్రమే కనిపించేలా పక్కకు తిప్పిన ముఖంలో దూరపు కన్ను చిన్నదిగా, ఇరుకుగా రావాలి. దాన్ని దగ్గరి కంటితో సమానంగా గీస్తే మనిషి బెదిరినట్టు ఉంటాడు.

ఎదుట కూర్చోబెట్టి గీశారా, ఫొటో చూసి గీశారా అన్నది తప్పక తెలుసుకోవాలి. ఎదురుగా కూర్చున్న మనిషిని ఇరవై నిమిషాలకు ఒకసారి అయిదు నిమిషాలు లేపి నడవనివ్వాలి, వృద్ధులైతే ఇంకా ముందే. లేకపోతే ముఖం అలసి జారుతుంది, నోరు వదులవుతుంది, చూపు ఒకచోట నిలిచిపోతుంది. బొమ్మలో కనిపించే 'లోతైన మౌనం' ఆ అలసటే కావచ్చు. ఫొటో నుంచి గీసినదానికి వేరే గుర్తులు ఉంటాయి. ఫోను ముఖానికి అరమీటరు లోపు పెట్టి తీసిన ఫొటోలో ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, గీసినవారు దాన్నే నమ్మి దించుతారు. నీడలన్నీ ఒకే నలుపుగా మూసుకుపోతాయి. ఒక్కో కంటిలో రెండేసి వెలుగు చుక్కలుంటే స్టూడియో దీపాలేమో అనుమానించాలి. ఫొటో చూసి గీయడం తప్పేమీ కాదు. కానీ క్షణంలో వందో వంతులో పట్టుబడిన ముఖకవళికను ఆ మనిషి స్వభావంగా చదవడం తప్పు.

పాత బొమ్మలకైతే కాగితం వయసు కూడా కలుస్తుంది. సీసపు తెలుపుతో పెట్టిన వెలుగులు గాలిలోని గంధక వాయువుల వల్ల కాలక్రమంలో నల్లబడతాయి, అప్పుడు ముక్కు దూలం మీద వెలుగుండాల్సిన చోట మసి కనిపిస్తుంది. బొగ్గు పొడిని ఫిక్సేటివ్‌తో, అంటే పొడిని కాగితానికి అంటించే ద్రవంతో పట్టించకపోతే మెత్తగా అద్దిన లేత నీడలు ముందు రాలిపోయి, ఒత్తి గీసిన గీతలే మిగులుతాయి, ముఖం గీసిన నాటికంటే కరుకుగా మారుతుంది. ఇటలీలోని ట్యూరిన్‌లో ఉన్న లియొనార్డో డావిన్చి ఎర్రచాక్ బొమ్మ, సుమారు 33 సెంటీమీటర్ల ఎత్తుది, గోధుమరంగు మచ్చలతో నిండిపోయింది. వాటిలో కొన్ని ముఖం మీదే ఉన్నాయి, వయసు మచ్చలనుకునే ప్రమాదం ఉంది. ఆ బొమ్మ ఆయన స్వీయచిత్రమేనా అన్నది కూడా తేలని వివాదం. 1512 ప్రాంతంలో గీసింది అనుకుంటే ఆయనకు 60 ఏళ్లు, బొమ్మలోని మనిషి అంతకంటే పెద్దవాడిలా ఉన్నాడని కొందరు పండితుల అభ్యంతరం. అయినా ప్రపంచమంతా దాన్ని 'లియొనార్డో ఆత్మ' అని చదువుతూనే ఉంది.

పత్రికలో అచ్చు వేసేటప్పుడు జరిగే నష్టం మీ చేతిలో ఉన్నది, అందుకే కాస్త వివరంగా చెబుతాం. 42 సెంటీమీటర్ల బొమ్మను 8 సెంటీమీటర్లకు కుదిస్తే ఒక మిల్లీమీటరు వెడల్పు గీత 0.2 మిల్లీమీటర్ల లోపుకు వస్తుంది. న్యూస్‌ప్రింట్ మీద బొమ్మ చిన్న చిన్న చుక్కలుగా అచ్చవుతుంది, అంగుళానికి 85 చుక్కల వరసలతో అచ్చేస్తే చుక్కకూ చుక్కకూ దూరమే 0.3 మిల్లీమీటర్లు. అంటే ముడత పక్కన చిత్రకారుడు జాగ్రత్తగా వదిలిన సన్నని వెలుగు గట్టు అచ్చులో మిగలదు, నీడ మాత్రం మిగులుతుంది. పైగా సిరా కాగితంలో ఊరి చుక్క లావవుతుంది కాబట్టి మధ్యస్థపు నీడలన్నీ ముదురుతాయి. ఆపైన 'బాగా కనబడాలి' అని కాంట్రాస్టు పెంచితే మెత్తని ముసలిముఖం చెక్కముఖం అవుతుంది. పాఠకుడు చదివే 'కష్టం'లో సగం అచ్చుయంత్రం పెట్టింది. బొమ్మలోని ముఖం పేజీ లోపలి వైపు చూస్తున్నట్టు ఉండాలని బొమ్మను కుడిఎడమలు తిప్పడం ఇంకో దురలవాటు. కుడిచేతివాటం వారి షేడింగు గీతలు కింద ఎడమనుంచి పైన కుడికి వాలుతాయి, ఎడమచేతివాటం వారివి పైన ఎడమనుంచి కింద కుడికి. లియొనార్డో ఎడమచేతివాటాన్ని గుర్తుపట్టేది అలాగే. బొమ్మ తిప్పితే ఆ సాక్ష్యం పోతుంది, పుట్టుమచ్చ పక్క మారుతుంది.

వ్యాఖ్య రాసేవారు, పోటీలకు పిల్లల్ని తయారుచేసే ఉపాధ్యాయులు ఒక చిన్న పద్ధతి పాటిస్తే చాలా తప్పులు ఆగుతాయి. బొమ్మను దాని ఎత్తుకు మూడింతల దూరంనుంచి కళ్లు సగం మూసి చూడాలి, వెలుగునీడల ముద్దలు మాత్రమే తెలుస్తాయి. తరవాత దగ్గరికి వచ్చి ఒక కాగితంతో నోరు మూసి కళ్లు మాత్రమే చూసి అనిపించింది రాసుకోవాలి. కళ్లు మూసి నోరు చూసి మళ్లీ రాసుకోవాలి. నిలువునా సగం మూసి రెండు పక్కలూ విడివిడిగా చూడాలి. ఒక్కోసారి ఎడమ సగం నవ్వుతుంది, కుడి సగం నవ్వదు. కాగితం మధ్యకు గీత గీసి ఒక వైపు 'కనిపించేది', రెండో వైపు 'అనుకున్నది' రాయమని పిల్లలకు చెప్పండి. 'కనుబొమ లోపలి కొస లేచింది' మొదటి వైపు, 'బాధపడుతోంది' రెండో వైపు. రెండో వైపు మాటకు మొదటి వైపు ఆసరా లేకపోతే కొట్టేయాలి. పదిహేను నిమిషాల పని. ఈ పద్ధతిలో పిల్లలు చెప్పేవి పెద్దల వ్యాఖ్యల కన్నా ఎంతో తాజాగా ఉంటాయి, ఎందుకంటే వాళ్లు చెవులు కూడా చూస్తారు.

మీ పత్రికను కోరేది ఇదీ. వృద్ధుల రూపచిత్రం వేసినప్పుడు గీసిన పదార్థం, అసలు కొలత, సంవత్సరం, ఎదుట కూర్చోబెట్టి గీశారా ఫొటో నుంచా అన్నది ఒక్క వరుసలో ఇవ్వండి. కూర్చున్నవారు బతికివుంటే ఏమనిపిస్తూ కూర్చున్నారో వాళ్లనే అడిగి వేయండి. తిప్పకండి, కాంట్రాస్టు పెంచకండి, కాగితం అంచుల్ని, అంచుమీద చిత్రకారుడి చేతిరాతను కోసేయకండి. ముఖం మరీ చిన్నదవుతుంటే మొత్తం బొమ్మను ఒకటి, కన్నూ కనుబొమా ఉన్న ముక్కను అసలు సైజులో ఇంకొకటి పక్కపక్కన వేయండి.

ఇట్లు,
చిత్రలేఖన ఉపాధ్యాయులు కొందరు